బోల్టు ఎంత బిగించాలి? లగేజీ తూకంతో చేతికి లెక్క నేర్పడం

మాటల్లో చెప్తే అంకెలు చెవిలోంచి జారిపోతాయి. డ్యూటీ అయ్యాక కంపెనీ బస్సులో కూచుని వింటూ ఇరవైనాలుగో, నలభైరెండో ఎవరు రాసుకుంటారు? అందుకే అదే విషయాన్ని ఇక్కడ తీరిగ్గా, వరసగా రాస్తున్నాను. ప్రశ్న ఒక్కటే. చిన్న ఇంజన్‌ని మనమే విప్పి మళ్ళీ బిగించేటప్పుడు, చేతిలో టార్క్ రెంచ్ లేనప్పుడు, బోల్టు సరిపడా బిగిసిందని ఎలా తెలుస్తుంది?

"చెయ్యికే తెలుస్తాది" అంటారు పాత మెకానిక్కులు. వాళ్ళ విషయంలో అది నిజమే. కానీ ఆ చెయ్యికి ఎవరో ఒకరు ముందు లెక్క నేర్పారు. నేను ఐటిఐలో ఫిట్టర్ ట్రేడు చదివాను, ఇప్పుడు రంగూన్‌లో బిల్డింగ్ పనులకి సూపర్‌వైజర్‌ని. నా దగ్గరకొచ్చే కుర్రాళ్ళలో బలం ఉన్నవాడు ఎక్కువ బిగిస్తాడు, బలం లేనివాడు తక్కువ బిగిస్తాడు, ఇద్దరూ "సరిపోయింది సార్" అనే చెప్తారు. లెక్క నేర్పని చెయ్యి బోల్టు సంగతి చెప్పదు, దాని కండ సంగతే చెప్తుంది.

పబేడాన్‌లో ఈ గొడవ ఎందుకు

నేనుండే పేట పేరు పబేడాన్. బర్మా భాషలో పబే అంటే కమ్మరి పని, తాన్ అంటే వరస. అంటే మన లెక్కలో కమ్మరి వీధి. మన తాతముత్తాతలు "రంగం పోయాడు" అనేవారే, ఆ రంగం నడిబొడ్డున ఉన్న పేట ఇది. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చారని తెలుగువాళ్ళని ఇక్కడ కోరంగీలనేవారు. రేవులో బస్తాలు మోసినవాళ్ళలో మనవాళ్ళు ఎక్కువ. 1926లో కట్టిన స్కాట్ మార్కెట్, అంటే ఇప్పటి బోజో మార్కెట్, ఈ పేటలోనే ఉంది. టెయింజీ బజారు ఇక్కడే, కాళికమ్మ గుడీ ఇక్కడే. 26వ వీధిలో యూదుల పాత ప్రార్థనా మందిరం చుట్టూ రంగుల కొట్లు, ఇనప సామాన్ల కొట్లు ఉంటాయి. నట్టు, బోల్టు, వాచరు ఏది కావాలన్నా ఆ సందుల్లోకే పోవాలి.

ఇక్కడ కరెంటు వంతుల వారీగా వస్తుంది. కరెంటు పోగానే ఫుట్‌పాత్ మీదున్న జనరేటర్లన్నీ ఒక్కసారి మొదలవుతాయి. బర్మా వాళ్ళు దాన్ని మీసెట్ అంటారు. చాలా కొట్ల ముందు ఉండేవి చిన్న పెట్రోలు జనరేటర్లు. హోండా జీఎక్స్ 160 ఇంజన్, లేదా అదే కొలతల్లో చైనాలో చేసిన ఇంజన్. గల్ఫ్ సైట్లలో కాంక్రీటు వైబ్రేటర్‌కి, నీళ్ళ పంపుకి, ప్లేట్ కాంపాక్టర్‌కి ఉండేది కూడా ఈ బాపతే. అందుకని ఈ లెక్క మీరు ఏ దేశంలో ఉన్నా పనికొస్తుంది.

ఇంజన్ ఆగిపోతే ఫ్యాను ఆగుతుంది, పంపు ఆగుతుంది, ఫోన్ ఛార్జింగ్ ఉండదు, ఇంటికి వీడియో కాల్ ఉండదు. మెకానిక్‌ని పిలిస్తే రోజు కూలి పోతుంది. అందుకే మనమే విప్పుతాం. విప్పడంలో పెద్ద ప్రమాదం లేదు, ప్రమాదమంతా తిరిగి బిగించడంలోనే ఉంది.

బోల్టంటే స్ప్రింగే

బోల్టుని మేకులాగా ఊహించుకుంటాం. అది స్ప్రింగు. బిగిస్తుంటే కంటికి కనపడనంత సాగుతుంది. సాగిన బోల్టు వెనక్కి లాక్కోవాలని చూస్తుంది. ఆ లాగుడే హెడ్డుని బ్లాకుకి అదిమి పట్టుకుంటుంది. మనకి కావలసింది ఆ లాగుడు. పానా మీద మనం పెట్టే బలం దానికి ఒక దారి మాత్రమే.

లెక్క చూడండి. 8 మిల్లీమీటర్ల మామూలు గట్టి బోల్టు, తల మీద 8.8 అని ఉన్నది తీసుకోండి. దాన్ని 25 న్యూటన్ మీటర్లకి బిగిస్తే లోపల పుట్టే లాగుడు సుమారు 1600 కిలోలు. చిటికెన వేలంత బోల్టు ఒక కారుని వేలాడదీసినంత పని చేస్తోందన్నమాట.

జీఎక్స్ 160లో హెడ్డుకి అలాంటి బోల్టులు 4 ఉంటాయి. సిలిండరు బోరు 68 మిల్లీమీటర్లు. లోపల పెట్రోలు మండినప్పుడు చదరపు సెంటీమీటరుకి 40 కిలోల ఒత్తిడి అనుకున్నా, హెడ్డుని పైకి తోసే బలం సుమారు 1450 కిలోలు. నాలుగు బోల్టులు కలిసి పట్టుకున్నది 6000 కిలోల పైమాట. అందుకే హెడ్డు కదలదు. జనరేటర్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఈ దెబ్బ నిమిషానికి 1500 సార్లు పడుతుంది. బోల్టు సరిపడా సాగి ఉంటే ఆ దెబ్బల్లో చాలా భాగం దాని దాకా రాదు, కీలు మొత్తం మీద సర్దుకుంటుంది. వదులుగా ఉన్న బోల్టుకి మాత్రం ప్రతి దెబ్బా నేరుగా తగులుతుంది. ముందు గాస్కెట్ కాలుతుంది, తర్వాత బోల్టు అలసిపోయి తెగుతుంది. "గట్టి బోల్టే, ఎలా తెగింది?" అని అడిగేవాళ్ళకి చాలాసార్లు జవాబు ఇదే. వదులుగా ఉంది కాబట్టి తెగింది.

మన బలం ఎక్కడికి పోతోంది

పానా మీద 100 రూపాయల బలం పెట్టామనుకోండి. అందులో సుమారు 50 రూపాయలు బోల్టు తల కింద రాపిడికి పోతుంది. 40 రూపాయలు మరల రాపిడికి పోతుంది. బోల్టుని సాగదీసేది మిగిలిన 10 రూపాయలే. పుస్తకాల్లో రాసే ఉజ్జాయింపు లెక్క ఇది.

దీన్నించి ఒక పెద్ద విషయం తేలుతుంది. రాపిడి కొంచెం మారితే లాగుడు చాలా మారిపోతుంది. మరలో తుప్పు, ఇసక, పాత రంగు ఉంటే బలమంతా రాపిడే తినేస్తుంది. పానా గట్టిగానే తగులుతుంది, లోపల బోల్టు సాగదు. గట్టిగా ఉందనుకుంటాం, అది వదులుగా ఉంటుంది. తిరగేసి చూస్తే, మరకి నూనె రాశామంటే అదే 25 దగ్గర 1600 కిలోలు కాస్తా 2100 కిలోల దగ్గరకి పోతుంది. ఆ సైజు 8.8 బోల్టు తట్టుకోగల హద్దు దాదాపు అంతే. అల్యూమినియం బ్లాకైతే బోల్టు కంటే ముందు బ్లాకులో మరే ఊడొస్తుంది.

కాబట్టి మొదటి పని శుభ్రం చెయ్యడం. వైరు బ్రష్‌తో బోల్టు మర తోమండి. రంధ్రంలోకి గాలి కొట్టండి, కళ్ళకి అద్దాలు పెట్టుకుని మరీ కొట్టండి. నూనె రాయమని ఆ ఇంజన్ పుస్తకం చెప్తేనే రాయండి, లేకపోతే పొడిగా బిగించండి. అడుగు మూసుకుపోయిన రంధ్రంలో నూనెగానీ నీళ్ళుగానీ ఉంచి బిగించకూడదు. ద్రవం అణగదు కాబట్టి ఆ ఒత్తిడికి పోత ఇనుమే పగిలిపోతుంది.

గుర్తుపెట్టుకోవలసిన అంకెలు

ఇంజన్‌కి పుస్తకం ఉంటే పుస్తకమే చివరి మాట. పుస్తకం దొరకనప్పుడు 8.8 గ్రేడు బోల్టుని ఇనుములోకి, పొడిగా బిగించడానికి సుమారు అంకెలు ఇవి. 6 మిల్లీమీటర్ల బోల్టుకి 10 న్యూటన్ మీటర్లు. 8కి 25. 10కి 50. 12కి 85. అల్యూమినియంలోకి వెళ్ళే బోల్టయితే దీనికంటే తగ్గించాలి.

సైజు దగ్గర చాలామంది తడబడతారు. పానా మీదున్న అంకె బోల్టు సైజు కాదు, తల సైజు. 13 పానా పట్టే బోల్టు 8 మిల్లీమీటర్లది. జపాన్ బండ్లలో అదే 8 మిల్లీమీటర్ల బోల్టుకి 12 పానా పడుతుంది. 10 పానా పట్టేది 6 మిల్లీమీటర్ల బోల్టు. దాన్ని "పది బోల్టు" అనుకుని 50కి బిగిస్తే తల చేతికొస్తుంది.

జీఎక్స్ 160కి హోండా ఇచ్చిన అంకెలు చూడండి. హెడ్డు బోల్టులకి 24. కనెక్టింగ్ రాడ్ బోల్టులకి 12. ఫ్లైవీల్ నట్టుకి 75. ఒకే ఇంజన్‌లో 12 నుంచి 75 దాకా ఉన్నాయి. అన్నిటినీ ఒకే "గట్టి"తో బిగించేవాడు ఏదో ఒకటి తప్పకుండా పాడుచేస్తాడు. ముఖ్యంగా కనెక్టింగ్ రాడ్. అది లోపల అంత వేగంగా తిరుగుతుంది కదా, గట్టిగా బిగించాలని మనసు చెప్తుంది. కానీ దాని బోల్టు చిన్నది, రాడ్డు అల్యూమినియం. 12 అంటే 12.

ఇంకో మోసం కొలతల్లో ఉంది. పాత జపాన్ పుస్తకాల్లో కిలోగ్రామ్ మీటర్లు ఉంటాయి, అమెరికా పుస్తకాల్లో అడుగు పౌండ్లు ఉంటాయి. 1 కిలోగ్రామ్ మీటరు అంటే 9.8 న్యూటన్ మీటర్లు. 1 అడుగు పౌండు అంటే 1.36 న్యూటన్ మీటర్లు. 24 న్యూటన్ మీటర్లని 24 అడుగు పౌండ్లనుకుని బిగిస్తే 32కి పోతుంది, మూడో వంతు ఎక్కువ. అంకె చూసే ముందు పక్కనున్న కొలత చూడండి.

లగేజీ తూకమే మన టార్క్ రెంచ్

మన రూముల్లో టార్క్ రెంచ్ ఉండదు. కానీ లగేజీ తూకం లేని రూము ఉండదు. ఊరెళ్ళేముందు 30 కిలోలు దాటిందా లేదా అని బ్యాగుని కొక్కేనికి వేలాడదీసి చూసుకుంటామే, అదే. ఆ తూకం చూపించేది లాగుడు బలాన్ని. టార్క్ అంటే లాగుడు బలాన్ని దూరంతో గుణించడమే. ఇంకేం కావాలి?

ఇలా చెయ్యండి. సాకెట్, హ్యాండిల్ తీసుకోండి. బోల్టు మధ్య నుంచి హ్యాండిల్ మీద సరిగ్గా 25 సెంటీమీటర్లు టేపుతో కొలిచి మార్కర్‌తో గీత పెట్టండి. ఆ గీత దగ్గర గట్టి తాడు ఉచ్చు వేసి, తూకం కొక్కేన్ని దానికి తగిలించండి. తూకం పట్టుకుని, హ్యాండిల్‌కి మూలమట్టంగా ఉండేట్టు నెమ్మదిగా లాగండి. ఏటవాలుగా లాగితే లెక్క తప్పుతుంది.

లెక్క నోటితోనే చెయ్యొచ్చు. 25 సెంటీమీటర్ల దగ్గర లాగుతుంటే, న్యూటన్ మీటర్లని 10తో భాగించి 4తో గుణించండి. అన్ని కిలోలు లాగాలి. 25 న్యూటన్ మీటర్లకి 10 కిలోలు. 50కి 20 కిలోలు. జీఎక్స్ 160 హెడ్డు 24కి 9.6 కిలోలు. పక్కా లెక్క వేస్తే 9.8 వస్తుంది, ఆ తేడా మన పనికి అడ్డం కాదు. హ్యాండిల్ చిన్నదై 12.5 సెంటీమీటర్ల దగ్గరే లాగాల్సి వస్తే 4 బదులు 8తో గుణించండి. 12 న్యూటన్ మీటర్లకి 9.6 కిలోలు.

మూడు జాగ్రత్తలు. ఒకటి, అంకెని హ్యాండిల్ కదులుతుండగా చదవాలి. ఆగిన బోల్టుని మళ్ళీ కదిలించడానికి ఎక్కువ బలం పడుతుంది, ఆ అంకెని నమ్మకూడదు. రెండు, కొన్ని డిజిటల్ తూకాలు బరువు కదలకుండా ఉన్నప్పుడే అంకెని ఆపి చూపిస్తాయి. ముల్లు తిరిగే స్ప్రింగు తూకం దొరికితే ఈ పనికి అదే మేలు. మూడు, ఇద్దరుంటే సులువు. ఒకరు లాగాలి, ఇంకొకరు చదవాలి. 8 కిలోల దగ్గర నుంచే చదివేవాడు కేకేస్తుంటే లాగేవాడు నెమ్మదిస్తాడు.

ఇది టార్క్ రెంచ్‌తో సమానమని చెప్పను. కానీ ఉత్తి చేతి అంచనా కంటే చాలా మేలు. పైగా దీని అసలు ఉపయోగం వేరే ఉంది.

చెయ్యికి నేర్పడం

ఒక సెలవు రోజు గంటసేపు దీనికి పెట్టండి. వైసులో ఒక ఇనప ముక్క బిగించి, దానికి పాత 8 మిల్లీమీటర్ల బోల్టు, నట్టు వెయ్యండి. కళ్ళు మూసుకుని మీకు తోచినంత బిగించండి. తర్వాత విప్పి, తూకంతో 25కి బిగించి చూడండి. మీరు తోచినంత బిగించింది ఎక్కువో తక్కువో అప్పుడే తెలుస్తుంది. పదిసార్లు చెయ్యండి. పదోసారికి చెయ్యి దగ్గరకొచ్చేస్తుంది. 6 మిల్లీమీటర్లకీ, 10 మిల్లీమీటర్లకీ విడిగా చెయ్యండి, ఎందుకంటే ప్రతి సైజుకీ ఒక గుర్తుండాలి.

ఆఖర్న ఒక పాత బోల్టుని కావాలనే పాడుచెయ్యండి. కళ్ళద్దాలు, గ్లౌజులు వేసుకుని, మొహం పక్కకి పెట్టి బిగిస్తూ పొండి. మొదట తేలిగ్గా తిరుగుతుంది. తల ఆనగానే బరువెక్కుతుంది, తిప్పేకొద్దీ బరువు పెరుగుతుంది. ఒక చోటికి వచ్చాక పెరగడం మానేసి, వెన్నలో తిరిగినట్టు మెత్తగా తిరుగుతుంది. బోల్టు సాగి తిరిగి రాని దశ అది. ఇంకొంచెం తిప్పితే తెగుతుంది. ఆ మెత్తదనం ఒక్కసారి చేతికి తగిలితే జన్మలో మర్చిపోరు. అసలు ఇంజన్ మీద అది తగిలిన క్షణం ఆగిపోండి. ఆ బోల్టు తీసి పారేసి కొత్తది వెయ్యండి. "ఇంకా పట్టుకునే ఉంది కదా" అని వదిలెయ్యకండి.

పానాకి పైపు తొడగడం మాత్రం బిగించేటప్పుడు వద్దు. 25 సెంటీమీటర్ల హ్యాండిల్‌కి పైపు పెట్టి 75 చేస్తే బలం మూడింతలవుతుంది, కానీ చెయ్యికి మునుపటిలాగే తెలుస్తుంది. పైపు చెయ్యికి అబద్ధం చెప్తుంది. తుప్పు పట్టిన బోల్టు విప్పడానికి వాడుకోండి, అదీ చూసుకుని.

బిగించే వరస

హెడ్డుకి నాలుగు బోల్టులుంటే ఒకదాని పక్కది ఒకటి బిగించకండి. ముందు అన్నీ వేళ్ళతో తిప్పి ఆనించండి. వేళ్ళతో తిరగని బోల్టుని పానాతో బలవంతం చెయ్యొద్దు, మర అడ్డంగా పట్టి ఉంటుంది. తర్వాత ఎదురెదురు మూలల్లో బిగించండి. మొదటి విడత 10 దాకా, రెండో విడత 18 దాకా, మూడో విడత 24 దాకా. ఒక మూల ఒకేసారి పూర్తిగా బిగిస్తే హెడ్డు ఒక పక్కకి ఒరిగి గాస్కెట్ నలుగుతుంది, ఆ నలిగిన చోటే గ్యాసు బయటికొస్తుంది.

కొన్నిటికి తూకం అక్కర్లేదు, తిప్పుడు లెక్క చాలు. స్పార్క్ ప్లగ్గుని వేళ్ళతో ఆనేదాకా తిప్పి, కొత్తదైతే ఇంకో అర చుట్టు, వాడినదైతే చుట్టులో ఎనిమిదో వంతు నుంచి నాలుగో వంతు. కొత్త ప్లగ్గుకి వాచరు నలగాలి, అందుకే ఎక్కువ. స్టీలు బిల్డింగుల్లో ఎక్కువ బలమున్న బోల్టులకి కూడా ఇదే పద్ధతి ఉంది. పానాతో గట్టిగా ఆనించాక, నట్టు మీదా ప్లేటు మీదా ఒక గీత పెట్టి, పొడవుని బట్టి మూడో వంతు చుట్టో, అర చుట్టో తిప్పుతారు. తిప్పుడుని రాపిడి మోసం చెయ్యలేదు, అందుకే ఆ పద్ధతి పెట్టారు. ఈ మధ్య కార్లలో, కొత్త డీజిల్ ఇంజన్లలో హెడ్డు బోల్టులకి టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పాలని రాస్తున్నారు. అలాంటి బోల్టుల్లో చాలావాటిని విప్పితే మళ్ళీ వాడకూడదు. పుస్తకం చూడకుండా వాటి జోలికి పోవద్దు.

పాత బోల్టు చూపించి కొనడం

కొట్టుకెళ్ళి పాత బోల్టు చూపించి "ఇలాంటిది ఇవ్వు" అంటాం. భాష రానిచోట ఇంకేం చేస్తాం. కానీ ఇది ఎంత పెద్ద ప్రమాదమో చెప్పడానికి ఒక నిజమైన సంగతుంది. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం 17,300 అడుగుల ఎత్తులో ఉండగా పైలట్ ముందున్న అద్దం ఊడిపోయింది. కెప్టెన్ సగం శరీరం బయటికి పోయింది. సిబ్బంది కాళ్ళు పట్టుకుని ఉంచారు, విమానం దిగింది, ఆయన బతికాడు. విచారణలో తేలిందేమిటంటే, ఆ విమానం బయల్దేరడానికి 27 గంటల ముందే ఆ అద్దం మార్చారు. బోల్టులని పుస్తకంలోని నంబరుతో కాకుండా పాత బోల్టుతో పోల్చి తీసుకున్నారు. 90 బోల్టుల్లో 84 సన్నగా ఉన్నాయి, అదీ మిల్లీమీటరులో మూడింట రెండొంతులంత తేడా. మిగతా 6 పొట్టిగా ఉన్నాయి. ఒక్కొక్కటీ చేతికి బిగిసినట్టే అనిపించింది.

కాబట్టి కొట్లో నాలుగు చూడండి. లావు, పొడవు, మర దగ్గరదనం, తల మీద అంకె. 8.8 అంటే మొదటి 8కి అర్థం, చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల దగ్గర తెగుతుంది. చుక్క తర్వాత 8కి అర్థం, అందులో 80 శాతం దగ్గరే తిరిగి రాని సాగుడు మొదలవుతుంది. 10.9, 12.9 ఇంకా గట్టివి. తల మీద అంకె లేని బోల్టు కిటికీకీ, బల్లకీ సరే. ఇంజన్‌కి వద్దు. ఈ అంకెలకి భాష అక్కర్లేదు. రంగూన్‌లో చూపించినా, దోహాలో చూపించినా, జొహోర్‌లో చూపించినా కొట్టువాడికి ఒకేలా అర్థమవుతాయి.

ఇది ఇంజన్ మాట మాత్రమే కాదు

స్కాఫోల్డింగ్ మీద పనిచేసేవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవండి. ట్యూబులని పట్టే కప్లర్, మనం క్లిప్పు అంటాం, దాని నట్టుకి మామూలుగా చెప్పే అంకె 50 న్యూటన్ మీటర్లు. 25 సెంటీమీటర్ల పానా మీద 20 కిలోల లాగుడు. తక్కువైతే బరువు పడగానే క్లిప్పు ట్యూబు మీద జారుతుంది. ఎక్కువైతే బోల్టు సాగుతుంది, ట్యూబు నొక్కుకుపోతుంది. ఇంజన్ గాస్కెట్ పోతే డబ్బు పోతుంది. క్లిప్పు జారితే మనిషి పోతాడు. సిమెంటు పాలు అంటుకున్న నట్టు గట్టిగా తిరుగుతుంది కానీ పట్టుకోదు, పైన చెప్పిన రాపిడి లెక్కే ఇక్కడ కూడా. తోమిన తర్వాతే బిగించండి.

ఇంకో కారణం కూడా ఉంది ఈ అంకెలు నేర్చుకోడానికి. నేను పనిచేసిన ఒక చోట నీళ్ళ పంపు ఇంజన్‌లో మర ఊడిపోయింది. అంతకు ముందు ఎంతమంది దాన్ని విప్పారో ఎవరికీ తెలీదు. ఆఖరిసారి బిగించిన కుర్రాడి జీతంలోంచి కోత పెట్టారు. "ఎంత బిగించావు?" అని అడిగితే "గట్టిగా" అన్నాడు. ఆ మాటే వాడికి వ్యతిరేకంగా నిలబడింది. "24కి బిగించాను, ఇదిగో ఫోటో" అనగలిగుంటే మాట వేరేగా ఉండేది. అందుకే నా టీములో వాళ్ళకి చెప్తాను. బిగించాక బోల్టు తల మీంచి బ్లాకు మీదకి మార్కర్‌తో ఒక గీత గియ్యండి, తేదీ, అంకె రాసి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. గీత తర్వాత పక్కకి జరిగితే బోల్టు వదులైందని కూడా అదే చెప్తుంది.

చెయ్యి పెట్టకూడని చోట్లు

కంపెనీ మిషన్‌ని రాతపూర్వకంగా చెప్పకుండా విప్పొద్దు. క్రేను, హోయిస్టు, లిఫ్టు బోల్టులు మనవి కావు. గ్యాసు లైను మనది కాదు. జనరేటర్ విప్పే ముందు ఇంజన్ చల్లారనివ్వండి, ప్లగ్గు వైరు పీకి పక్కకి కట్టెయ్యండి. పెట్రోలు కాక్ మూసెయ్యండి.

ఇంకొకటి. జనరేటర్‌ని రూములో, వరండాలో, మెట్ల కింద నడపొద్దు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పిగా మొదలై నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. సైలెన్సర్ బోల్టులు వదులైతే ఆ పొగ ముందే బయటికొస్తుంది. వేడికి ఆ బోల్టులు తొందరగా వదులవుతాయి కాబట్టి ఇంజన్ చల్లారాక వారానికోసారి చూసుకోండి.

టూల్ బాక్సు మూతకి అంటించుకోడానికి నాలుగు ముక్కలు. 6కి 10, 8కి 25, 10కి 50, 12కి 85. 25 సెంటీమీటర్ల దగ్గర లాగితే పదితో భాగించి నాలుగుతో గుణించాలి. శుభ్రం చేసి, ఎదురెదురుగా, మూడు విడతల్లో. పుస్తకం ఉంటే పుస్తకం మాటే నెగ్గుతుంది.

ఈ వారం సెలవున బ్యాగు పక్కన పడున్న తూకం తీసి, ఒక పాత బోల్టుతో మొదలుపెట్టండి. పక్క రూము తమ్ముడిని అంకెలు చదవడానికి పిలవండి. వాడూ నేర్చుకుంటాడు.